మూడు గొలుసుల ఉయ్యాల

ఉయ్యాలకు నాలుగు గొలుసులుండాలి. మూడే ఉన్నాయి. నాలుగోది ఉండాల్సిన మూల నేలకు ఆని, టేకు బల్ల ఏటవాలుగా వేలాడుతోంది. దాని కింద గచ్చు మీద, రెండుసార్లు కడిగినా వదలని నెత్తుటి మరక.

ఎవరైనా ముందు ఆ మరక దగ్గరికే పరుగెత్తేవాళ్లు. డిటెక్టివ్ కృష్ణకుమారి మాత్రం గడప లోపల నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, తాపీగా హాలంతా కలయజూస్తోంది. అదేమన్నా ఆషామాషీ హాలా! సుక్మా నుంచి వచ్చే పెద్దరోడ్డు మీద, తోంగ్‌పాల్‌కు కాస్త ఇవతల అడ్డరోడ్డు దిగితే వచ్చే ఈ దొరల బంగళాకు నూరేళ్లు దాటాయి. కట్టించిన దొర దూరం నుంచి తెప్పించిన సామాను తక్కువ, చుట్టుపక్కల పనివాళ్లను కూర్చోబెట్టి చేయించుకున్నదే ఎక్కువ. కప్పు కింద గళ్లు గళ్లుగా అల్లిన వెదురు చాప, ఇప్పటికీ ఒక్క బద్ద ఊడలేదు. గోడవార ఇక్కడి కమ్మర్లు, లోహార్లు, సుత్తితో సాగగొట్టి నిలబెట్టిన ఇనుప దీపపు చెట్టు. కొమ్మకో జింక, జింక కొమ్ముల మధ్య ప్రమిద, ఎక్కడా అతుకన్నది లేదు. కిటికీలకు తేనెరంగు టస్సర్ పట్టు తెరలు. మూలల్లో ఎండు సొరబుర్రల మీద కాల్చిన కత్తితో బొమ్మలు గీసి చేసిన దీపాలు. ఇవన్నీ చూస్తుంటే కృష్ణకుమారికి కడుపు నిండినట్టయింది. మంచి పనితనం కనపడితే ఆమె హత్య కేసునైనా ఓ క్షణం పక్కన పెడుతుంది, అది ఆమె జబ్బు.

"ఏంటండీ మేడమ్, మ్యూజియానికి వచ్చినట్టు చూస్తా నిలబడ్డారు?" వెనక నుంచి యేసుపాదం గొంతు. "చూడాల్సింది కిందుందండి. నెత్తురు."

"నెత్తురు ఎక్కడికీ పోదులే. కాపలాదారు కోస తల పగిలింది, అక్కడ పడ్డాడు. దానికి తెలిసిన సంగతి అది చెప్పేసింది. మిగతాది సామాను చెప్పాలి."

యేసుపాదం బచేలి గనుల టౌన్‌షిప్‌లో పుట్టి పెరిగిన ఆంధ్రా కుర్రాడు. ఒకప్పుడు భద్రాచలంలో ఆమె దగ్గరే పని నేర్చుకుని, ఇప్పుడు రాయ్‌పూర్‌లో సొంత ఏజెన్సీ పెట్టాడు. బంగళా సామానుకు బీమా ఇచ్చిన కంపెనీ అతన్ని పంపింది. ఆమెను పిలిపించింది ఇంటి యజమానురాలు తిరుపతమ్మ దొరసాని. ఒక ఒరలో రెండు కత్తులు ఎంత బాగా ఇముడుతాయో, వాళ్లిద్దరూ ఈ కేసులో అంత బాగా ఇమిడారు.

కృష్ణకుమారి కిటికీ పక్కనున్న పందిరిమంచం దగ్గర ఆగింది. మంచం కోళ్లకు చెక్కిన చిలకలు, తలాపున నెమళ్లు. మధ్యలో ఉత్త నవారు.

"మంచం ఇంత ముచ్చటగా ఉంది, పరుపేదమ్మా?"

"సతీష్ బాబు తీసుకపోయిండు బిడ్డా," అంది తిరుపతమ్మ. డెబ్బై దాటిన మనిషి, మరైగూడ వైపు నుంచి ఈ ఇంటికి కోడలుగా వచ్చినా ఆ యాస పోలేదు. "ఆసుపత్రిల మంచం గట్టిగున్నదట, కోసకు ఒళ్లు నొస్తదని పొద్దున్నే వచ్చి అడిగిండు. తన గదికి తీసుకపోయి కొత్త గలీబు గూడ తొడిగిండు. పాపం, డ్రైవరూ ఆయనా మోసుకపోయి బండ్ల వేసిన్రు. మంచి బూరుగుదూది పరుపు. కన్నకొడుకు గూడ గట్ల జెయ్యడు."

సతీష్ హైదరాబాదు నుంచి వచ్చిన ఇంటీరియర్ పనివాడు. బంగళాను అతిథులకు అద్దెకిచ్చేలా తీర్చిదిద్దే పని మీద నాలుగు నెలలుగా పెరట్లోని ఔట్‌హౌస్‌లో ఉంటున్నాడు. మొన్న తెల్లవారుజామున కాపలాదారు కోస ఈ ఉయ్యాల కింద తల పగిలి పడి ఉంటే, తన బండిలోనే వేసుకుని సుక్మా ఆసుపత్రికి పరుగెత్తినవాడు అతనే. అప్పటి నుంచి, ఈ పరుపు కోసం వచ్చినప్పుడు తప్ప, ఆసుపత్రిలో కోస మంచం పక్క నుంచి కదలలేదట. కోసకు ఇంకా తెలివి రాలేదనే కబురు.

"కేసు అయిపోయిందండి," అన్నాడు యేసుపాదం, వేళ్లు మడుస్తూ. "ఈ హాలు తాళంచెవి ఉండేది ఇంటిపని చేసే కోస పెళ్లాం, ఆ లక్మే ఒక్కదాని దగ్గరే. తలుపు తీసింది తనే. కోస నెత్తురు తన కొంగు మీదుంది. పోయిన గొలుసు తాలూకు మువ్వ తన బియ్యం గంపలో దొరికింది, నేనే తీశాను. గొలుసు అన్నకిచ్చి పంపేసింది, మొగుడు అడ్డొస్తే కొట్టింది. భోజనాలవగానే కానిస్టేబులు రీనా తనని థానాకి తీసుకెళ్లిపోద్ది. మీరు కూడా తిని బయల్దేరండి, ఇవాళ చేపల పులుసు."

లక్మే స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. ముప్పై ఏళ్ల మనిషి, రెండు రోజులుగా తల దువ్వినట్టు లేదు. వరండాలో కానిస్టేబులు రీనా టీ గ్లాసుతో బెంచీ మీద కూర్చుని, ఒక కన్ను ఇటే వేసి ఉంచింది.

"థానాకు తీసుకపోతే పోన్రి," అంది లక్మే. "ముందు ఒక్కసారి నా మొగన్ని చూడనియ్యున్రి సార్. దూరం నుంచే చూస్త."

"ఎట్టా చూడనిస్తామమ్మా? కొట్టినావిడనే మంచం పక్కన కూర్చోబెడతామా? అతను లేస్తే సాక్షి. లేవకుండా చేస్తావు నువ్వు."

లక్మే పెదవి కొరుక్కుంది. ఏడవలేదు. కృష్ణకుమారికి ఒళ్లు మండింది కానీ, మంటను కేసులోకి రానివ్వకూడదన్నది ఆమె పెట్టుకున్న నియమం. పీట లాక్కుని ఉయ్యాల పక్కనే కూర్చుంది.

"ఇట్లా కూర్చో లక్మే. మొన్న పొద్దున తలుపు తీసి ఏం చేశావు?"

"ఊడ్చిన. పొయ్యి ముట్టియ్య పోయిన."

"తలుపు మూశావా?"

"ఎందుకు మూస్త? గాలి రావాలె గద. రోజూ గట్లనే."

"తర్వాత?"

"ధబ్బుమని చప్పుడైంది. పిల్లి ఏమన్న పడేసిందేమో అనుకున్న. గంతల తోటల నుంచి ఉరికొచ్చినట్టున్నడు, కోస 'ఎవరది' అని అరిచిండు. మళ్ల ఇంకో చప్పుడు. నేనొచ్చేసరికి..." ఆమె గచ్చు మీది మరక వైపు వేలు చూపింది.

"ఆగాగు. ముందు చప్పుడా, ముందు అరుపా?"

"చప్పుడే ముందు."

"గట్టిగా గుర్తుందా?"

"నా మొగని అరుపు నాకు గుర్తుండదా అమ్మా? అదే ఆఖరు మాట నేను విన్నది."

కృష్ణకుమారి తల ఎత్తి యేసుపాదం వైపు చూసింది. "విన్నావా? ఉయ్యాల గొలుసు ఊడదీసేవాడెవడైనా ముందు బల్ల కింద ఎత్తు పెడతాడు. లేకపోతే బల్ల నేలకు కొట్టుకుని ఊరంతా లేస్తుంది. పెట్టలేదంటే, ఊడదీయలేదు. గొలుసు తెగింది."

"నూరేళ్లు ఊగిన గొలుసు ఊరికే ఎట్టా తెగుద్దండి?"

"అబ్బ, ఇన్నేళ్లకు ఒక మంచి ప్రశ్న అడిగావు. ఈ మధ్య ఉయ్యాల మీద ఎవరు కూర్చుంటున్నారమ్మా?"

తిరుపతమ్మ తల అడ్డంగా ఊపింది. "దొర పోయినంక ఎవరం కూసోలే. దానికి ముందు రేత్రే అన్న, రేపు టూరిజం ఆఫీసర్లు వస్తున్నరు, దొర ఉయ్యాల మీదనే కూసోబెడత అని. లక్మే ఉన్నది, సతీష్ బాబు ఉన్నడు అన్నప్పుడు. తెల్లారేసరికి గిట్లాయె."

కృష్ణకుమారి ఆ మాటను మనసులో ముడేసుకుంది. లేచి, భోజనాల బల్లను దూలం కిందికి జరిపించింది, దాని మీద పీట వేసింది, కొంగు బిగించి ఎక్కింది.

"పడతారండి మేడమ్!"

"పడితే నీకు పోటీ తగ్గుతుంది. తగ్గకూడదనుకుంటే పీట పట్టుకో."

యేసుపాదం గొణుక్కుంటూ పట్టుకున్నాడు. దూలానికి దిగేసిన ఇనుప కొక్కెం బొటనవేలంత లావుంది. అడుగున మాత్రం సగానికి సగం అరిగి గాడి పడింది. నూరేళ్లపాటు గొలుసు రింగు రాసుకున్న గాడి. కృష్ణకుమారి రింగును పక్కకు జరిపి, భూతద్దం పెట్టి లోపలి అంచు చూసింది. రెండో గొలుసు చూసింది. దిగి, బల్లను జరిపించి, మళ్లీ ఎక్కి మూడోది చూసింది. యేసుపాదం మొహంలో విసుగు పెరిగిన కొద్దీ ఆమె మొహం వికసిస్తూ వచ్చింది.

ఎంత అందమైన గొలుసులవి! రింగుకూ రింగుకూ మధ్య ఓ చిలక, ఓ ఏనుగు, ఓ గుర్రపు రౌతు, ఒక్కో బొమ్మ కాళ్ల కింద ఒక మువ్వ. ఇక్కడి ఘడవా పనివాళ్లు మట్టిబొమ్మకు మైనపు తీగ వరసగా చుట్టి, పైన మట్టి మెత్తి, మైనం కరిగించి ఆ ఖాళీలో లోహం పోస్తారు. ఆ తీగ వరసలు చిలక రెక్కల మీద, ఏనుగు ఒంటి మీద అలాగే నిలిచిపోతాయి. ఈ మూడు గొలుసుల్లోనూ పనితనానికి వంక పెట్టేందుకు లేదు.

"చేసినవాడి చేతులకు మొక్కాలి," అంది దిగుతూ. "చేయించినవాడి చేతులకు సంకెళ్లు వెయ్యాలి. ఈ మూడూ కొత్తవి."

"ఏందీ?" తిరుపతమ్మ ఒక అడుగు ముందుకు వేసింది.

"ఉయ్యాల గొలుసు ఎక్కడ అరగాలమ్మా? కొక్కేనికి రింగు తగిలే చోట, రింగుకు రింగు తగిలే చోట. ఇనుప కొక్కెమే గాడి పడిపోతే, దానికి వేలాడిన ఇత్తడి రింగు ఏమీ అరగకుండా ఉందా? లోపల ఆకురాయి గీతలు ఇంకా కనపడుతున్నాయి. చిలకల ముఖాలు, ఏనుగుల వీపులు మాత్రం చేతులు తగిలి తగిలి అరిగినట్టు నున్నగా ఉన్నాయి. అరగదీసినవాడికి తెలివుంది, ఉయ్యాల ఊగిన అనుభవం లేదు. అసలు నాలుగూ ఎప్పుడో మాయమయ్యాయి. తెగింది కూడా కొత్తదే. తెగిన చోట లోపలి లోహం కొత్తగా తళతళలాడుతుంటే గుట్టు రట్టవుతుంది కాబట్టి, ఆ ఒక్కటీ ఎత్తుకుపోయాడు."

తిరుపతమ్మ పందిరిమంచం పట్టె మీద కూలబడింది. "పెండ్లయి వచ్చిన్నాడు నన్ను దీని మీదనే కూసోబెట్టిన్రు. దొర ఆఖరి పొద్దు గూడ దీని మీదనే..." అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లక్మే వెళ్లి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. దొంగ అని పేరు మోస్తున్న మనిషి ఇంటి యజమానురాలిని ఓదారుస్తుంటే యేసుపాదానికి ఎటు చూడాలో తెలియలేదు.

అయినా అతను తేరుకోవడంలో గట్టివాడు. "సరేనండి, నాలుగూ మారాయి. నా కేసు ఇంకా బలపడింది. శివరాత్రికి ముందు గొలుసులు దింపి ఔట్‌హౌస్‌కి మోసింది లక్మే అన్న మంగల్. తోమి తెచ్చి మళ్లీ కట్టిందీ మంగలే. సతీష్ గారు స్టేట్‌మెంట్ ఇచ్చారు. 'నాకు తీరిక లేక తోమే పని మంగల్‌కే అప్పజెప్పాను, తీసుకెళ్లి వాళ్లింట్లో తోముకొచ్చాడు' అని. ఆ మంగల్ ఇప్పుడెక్కడ? పరారీ!"

"పరారీ ఏంది సార్? మిరపకాయలు ఏర పోయిండు, తెలంగాణకు," అంది లక్మే. "ఊరు ఊరంతా పోయింది. ఏటా పోతరు."

"తోమింది అతనేనా?" అంది కృష్ణకుమారి.

"నాకు తెల్వదు. మోసిన అని చెప్పిండు గని, తోమిన అని నాకు చెప్పలే."

"నువ్వయితే దేంతో తోముతావు?" అడిగింది కృష్ణకుమారి.

"చింతపండు, బూడిద. మా అమ్మ గట్లనే, అన్న గట్లనే. ఇంకేంటితో తోముతరు?"

కృష్ణకుమారి యేసుపాదం ముందు చెయ్యి చాచింది. "ఆ మువ్వ ఇటియ్యి."

"ఎవిడెన్స్ అండి అది."

"ఎవిడెన్స్ కాబట్టే అడుగుతున్నా. తినడానికి కాదు."

అతను జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి అయిష్టంగా ఇచ్చాడు. రేగుపండంత మువ్వ, అడుగున సన్నటి చీలిక. కృష్ణకుమారి చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. గజ్జె మోగినట్టు మోగాల్సింది, గొంతుకు ఏదో అడ్డం పడ్డట్టు మోగింది. తలలోంచి పిన్ను తీసి, చీలికలో దూర్చి, ఓపికగా తిప్పింది. చిన్న ముక్క ఒకటి ఆమె అరచేతిలోకి రాలింది. ఎండి గోధుమరంగుకు తిరిగిన పలచటి ముక్క, దానికి అంటుకుని ముడతలు పడ్డ ఆకుపచ్చ తొక్క. వాసన చూసింది. పులుపు ఇంకా పూర్తిగా చావలేదు.

"ఇదేంటో చూడు లక్మే."

లక్మే వంగి చూసింది. చూసిన మరుక్షణం నిప్పు తొక్కినట్టు వెనక్కి గెంతి, రెండు చేతులూ కొంగులో దాచుకుంది. "ఏందమ్మా ఇది! ఇంట్లకు ఎవరు తెచ్చిన్రు? మామిడి పండగ కాలే! తల్లికి ఇంక మొదటి కాయ పెట్టలే!"

"ఓహో, బ్రహ్మాండమైన నటనండి," అన్నాడు యేసుపాదం.

"ఈమె నటిస్తోందే అనుకుందాం. అటు చూడు, ఆమె కూడా నటిస్తోందా?"

ఏమిటా అని లోపలికి వచ్చిన రీనా కృష్ణకుమారి అరచెయ్యి చూసి, చేతిలోని టీ గ్లాసు కిటికీలో పెట్టేసి, మళ్లీ గడప దాటి వరండాలో నిలబడింది. అందరూ తన వైపే చూస్తుంటే ఇబ్బందిగా యూనిఫాం సర్దుకుంది.

"మా ఊళ్ల గూడ మామిడి పండుం, పండగ, కాలే మేడమ్," అంది. "ఏమనుకోకున్రి. డ్యూటీ డ్యూటీనే, గని అది నేను ముట్ట."

"మామిడి పిందె జీడి ఇది," అంది కృష్ణకుమారి నింపాదిగా. "పిందెను రెండుగా కోసి, ఆ పులుపుతో గొలుసులు తోమారు. మైనపు తీగ వరసల్లో కాలిన నలుపు పోవాలంటే పులుపు కావాలి మరి. తోముతుంటే జీడి విరిగి మువ్వలోకి జారింది. ఈ ఊళ్లో ఊరి పెద్దలు పండగ చేసి, తల్లికి మొదటి కాయ పెట్టేదాకా మామిడి పిందె కోసేవాళ్లు లేరు. రాలిందైనా ముట్టుకోరు. చిన్నపిల్లలు కూడా ముట్టుకోరు. అలాంటిది శివరాత్రి రోజుల్లో మంగల్ తన ఇంట్లో, అందరి ముందు, పిందెలు కోసి ఇత్తడి తోముతాడా? పులుపు కావాలంటే కుండెడు చింతపండు ఉండగా?"

"పండక్కి ముందు తినకూడదంటారండి. తోమకూడదని ఎవరన్నారు?"

కృష్ణకుమారి ఫక్కున నవ్వింది. "అదిగో! వాడూ అచ్చం నీలాగే అనుకున్నాడు. తినొద్దన్నారు కాబట్టి తినలేదు. తోమడానికి ఏం అడ్డు అనుకున్నాడు. ఈ ఊరివాడెవడికీ ఆ ఆలోచన రాదు యేసుపాదం. బయట నుంచి వచ్చినవాడికే వస్తుంది. నీ సాక్షే నీ కేసు విరిచింది. మంగల్ తోమాడని చెప్పిందెవరన్నావు?"

సతీష్ పేరు యేసుపాదం నాలుక చివర దాకా వచ్చి ఆగిపోయింది.

ఆ మాట పూర్తిచేసింది తిరుపతమ్మ. ఆమె గొంతు చిత్రంగా మారిపోయింది. "మామిడికాయ పప్పు తినాలనుందమ్మా అన్నడు ఒకనాడు. పండగ కాలె బాబూ, ఇంట్ల తేము అంటే నవ్విండు. శివరాత్రి పోయినంక చూస్తే వేళ్ల సందుల నల్లగ పొక్కులు. ఏందయ్యా అంటే వార్నిష్ పడ్డదన్నడు. నేనే కొబ్బరినూనె రాసిన బిడ్డా, నా చేతుల్తో."

"వార్నిష్ కాదమ్మా, మామిడి సొన. అలవాటు లేని చేతుల మీద పడితే అట్లాగే కాలుస్తుంది."

కంచే చేను మేసింది. ఇక మిగిలిందంతా దానంతటదే వరసలో నిలబడింది. అసలు గొలుసులు దాచేసి, చూపు కోసం పోయించిన నకిలీవి కట్టించాడు. ఎవరూ కూర్చోని ఉయ్యాల కాబట్టి భయం లేదనుకున్నాడు. ఆఫీసర్లను కూర్చోబెడతానని దొరసాని అనగానే గుండెల్లో రాయి పడింది. తెల్లారుతూనే, లక్మే తలుపు తీసి వంటింట్లోకి వెళ్లగానే, బరువు ఆగుతుందో లేదో చూద్దామని తనే ఎక్కి కూర్చున్నాడు. గొలుసు తెగింది. కోస వచ్చాడు. తెగిన గొలుసే చేతికి ఆయుధమైంది. అందరూ కోస చుట్టూ మూగినప్పుడు మువ్వను బియ్యం గంపలో పడేయడం ఎంతసేపు?

"మరి అసలు గొలుసులండి?" యేసుపాదం గొంతులో ఈసారి వెటకారం లేదు. "ఔట్‌హౌస్ నిన్న నేనే చూశాను, గూళ్లూ పెట్టెలూ అన్నీ. ఎక్కడో పాతిపెట్టుంటాడు. రోడ్డు మీదికి తెచ్చే దమ్ముండదు, తోంగ్‌పాల్ నాకాలో, అదే చెక్‌పోస్టులో, ప్రతి బండీ తెరిచి చూస్తారు. అంత పాత సామాను కాగితం లేకుండా దాటదు."

కృష్ణకుమారి చూపు పందిరిమంచం మీద ఉంది. నెమళ్ల తలాపు, చిలకల కోళ్లు, ఉత్త నవారు.

"అమ్మా, బూరుగుదూది పరుపు ఎంత బరువుంటుంది?"

"బరువేముంటది? లక్మే ఒక్కతే ఎండల వేసి తెచ్చేది."

"మరి పొద్దున ఇద్దరెందుకు మోశారు?"

లక్మేకు ముందుగా అర్థమైంది.

కృష్ణకుమారి అప్పటికే ఆసుపత్రికి ఫోన్ చేసింది. అవతల నర్సు గొంతు హుషారుగా ఉంది. కోస పొద్దున కళ్లు తెరిచాడట. ఎవరో లక్మే అని పిలిచి మళ్లీ మూసుకున్నాడట. ఆ సార్ ఎంత సంతోషపడ్డారో! ఇక్కడ కాదు, రాయ్‌పూర్ పెద్దాసుపత్రిలో చూపిస్తానని సంతకం పెట్టి, తన బండిలోనే మెత్తగా పరుపు వేసి, సెలైన్ బాటిల్ కట్టించి తీసుకుపోయారట. అంత మంచి మనిషిని తను ఇంతవరకు చూడలేదట.

"రీనా! తోంగ్‌పాల్ నాకాకు ఫోన్ కొట్టు. సుక్మా నుంచి వచ్చే సతీష్ బండి ఆపమను. పరుపు లోపల గొలుసులున్నాయి, పైన కోస ఉన్నాడు."

రీనా ఫోన్ అందుకుంది. హిందీలో గబగబా రెండు మాటలు అడిగి, విని, ఫోన్ దింపింది.

"ఇప్పుడే దాటిపోయిందంట మేడమ్. లోపల పేషెంట్ ఉన్నడని వాళ్లే గేటు ఎత్తి పంపిన్రంట."

"గేటు దాటే దాక వానికి కోస కావాలె," అంది లక్మే నెమ్మదిగా. "దాటినంక కోసతోని వానికి ఏం పని అమ్మా?"

యేసుపాదం కారు తాళాలు జేబులోంచి తీశాడు. "నా బండి మీ జీపు కంటే జోరుగా పోద్దండి. లక్మే, నువ్వు ముందు ఎక్కు." మెట్లు దిగుతూ అతను తలెత్తలేదు. "నిన్న తనని చూడ్డానికి పంపించుంటే, ఆ మంచం పక్కన తనుండేదండి."

"అది తర్వాత తీరిగ్గా ఏడుద్దువు. ఇప్పుడు నడుపు."

కారు అడ్డరోడ్డు దాటి పెద్దరోడ్డెక్కింది. రీనా వెనక సీట్లోంచి ముందున్న థానాలన్నిటికీ ఫోన్లు చేస్తూనే ఉంది. తోంగ్‌పాల్ నాకా దగ్గర గేటు ముందే ఎత్తి పట్టుకున్నారు. అక్కడి నుంచి అడవి దగ్గరపడి, రోడ్డు ఘాట్ ఎక్కడం మొదలుపెట్టింది. మొదటి మలుపు తిరగగానే అద్దం మీద తెల్లగా ఏదో వచ్చి అంటుకుంది. తర్వాత ఇంకోటి. గాలిలో దూది తేలుతోంది.

"బూరుగు కాయలు పగిలే రోజులు కదండీ," అన్నాడు యేసుపాదం.

"ఆపు," అంది లక్మే. "ఆపు సార్! అది మా పరుపు."

రోడ్డు పక్క పొదల్లో కొత్త గలీబు పొడుగునా చీరేసి ఉంది. దూదంతా చిందరవందర. గొలుసులు లేవు. రోడ్డు మీద బండి లేదు, చెట్ల చాటుకు తోసినట్టున్నారు. కోస లేడు. చెట్టుకొమ్మకు తగులుకున్న సెలైన్ బాటిల్ నుంచి గొట్టం వేలాడుతోంది, దాని చివర సూది నుంచి మందు ఇంకా చుక్క చుక్కగా కారుతోంది.

లక్మే మోకాళ్ల మీద కూర్చుని దూది పక్కకు తోసింది. కింద మెత్తటి మట్టిలో ఉత్తకాళ్ల అడుగులు, తడబడుతూ, లోయలోకి దిగుతూ. ఆమె మొహం ఒక్కసారిగా వెలిగింది.

"నడిచిండు! అమ్మా, నా మొగడు లేచి నడిచిండు! వాని చేతుల నుంచి తప్పించుకున్నడు!"

కృష్ణకుమారి ఆమె పక్కన వంగింది. ఉత్తకాళ్ల అడుగులు నిజమే. కానీ నాలుగు అడుగుల అవతల నుంచి, ప్రతి అడుగునూ తొక్కుకుంటూ, బూటు అడుగులు కూడా లోయలోకే దిగాయి. ఒక జత కాదు, రెండు జతలు, సతీష్‌వీ డ్రైవరువీ.

"లక్మే, ఈ అడవి నీకు తెలుసా?"

"పుట్టగొడుగులు ఏరిన అడవి అమ్మా," అంది లక్మే, చెప్పులు విడిచేస్తూ.

"అయితే ముందు నువ్వు నడువు. మేం నీ వెనక."